కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ తక్కువైతే: మాత్రనూ పరీక్షలనూ ఎలా చూసుకోవాలి

థైరాయిడ్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటున్నవారికి ఒక ధీమా ఏర్పడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష చేయించుకోవడం, అంతా బాగానే ఉందని డాక్టరు చెప్పడం, అదే మందు మళ్లీ కొనుక్కోవడం అలవాటుగా సాగిపోతుంది. గర్భం వచ్చినప్పుడు ఈ ధీమాయే ఇబ్బంది తెస్తుంది. నిన్నటి వరకు సరిపోయిన మోతాదు నెల తప్పిన వారం పది రోజులకే చాలకుండా పోవడం మొదలవుతుంది. పైగా అది చాలడం లేదని తెలిపే గుర్తులేవీ విడిగా కనిపించవు, ఎందుకంటే నీరసం, నిద్రమత్తు, మలబద్ధకం, బరువు పెరగడం వంటివి గర్భిణికీ, థైరాయిడ్ తగ్గినవారికీ ఒకేలా ఉంటాయి. అందుచేత ఈ విషయంలో ఒంటిని కాక క్యాలెండరునూ రక్తపరీక్షనూ నమ్ముకోవాలి. విశాఖపట్నంలో రెండు పురుళ్లు ఈ మాత్రతోనే గడిపిన మనిషిగా, మొదటిసారి చేసిన పొరపాటును కూడా దాచకుండా, ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా రాస్తున్నాను. మోతాదు నిర్ణయించవలసింది మాత్రం మీ డాక్టరే.

ముందుగా ఒక తలకిందుల లెక్క

మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి టీ4, టీ3 అనే హార్మోన్లను తయారు చేస్తుంది. అవి తగ్గినప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, థైరాయిడ్‌ను గట్టిగా పని చేయమని తరుముతుంది. కాబట్టి రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ తగ్గిందని అర్థం. మన ఇళ్లలో చాలామంది ఆ పెద్ద అంకెను చూసి "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అంటారు. విన్నవారు దాన్ని నిజంగానే ఎక్కువయ్యే జబ్బు అనుకుని, దానికి సంబంధించిన సలహాలు చెబుతారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాటల్లో చెప్పకుండా రిపోర్టు చూపించడం మంచిదని నేను అనేది ఇందుకే.

గర్భం వచ్చాక ఈస్ట్రోజెన్ పెరగడం వల్ల రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ పెరుగుతుంది, మాయ కొంత హార్మోన్‌ను విరగగొడుతుంది, కొంత బిడ్డకు చేరుతుంది. బిడ్డ థైరాయిడ్ సుమారు 12వ వారంలో పని మొదలుపెట్టినా, తన అవసరానికి తగినంత తయారు చేసుకునే సరికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడు పెరుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఈ అదనపు పనిని తనంతట తానే అందుకుంటుంది. మాత్ర మీద ఆధారపడిన మనిషికి ఆ వెసులుబాటు ఉండదు కనుక మాత్రే పెరగాలి. చాలామందికి ఈ పెరుగుదల మునుపటి మోతాదులో పాతిక నుంచి యాభై శాతం వరకు ఉంటుంది. ఆపరేషన్‌లో గ్రంథిని పూర్తిగా తీసివేసినవారికి సాధారణంగా ఇంకా ఎక్కువ కావలసి వస్తుంది.

గర్భం కోసం చూస్తున్నప్పుడే

ఇప్పటికే మాత్ర వాడుతూ బిడ్డ కావాలనుకుంటున్నవారు ముందుగా ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకుని, అది 2.5 లోపు ఉండేలా మోతాదు సరిచేయించుకోవాలి. ఆ రోజే డాక్టరును మరో ప్రశ్న కూడా అడిగి ఉంచుకోండి: "నెల తప్పిందని తెలిస్తే, మీ అపాయింట్‌మెంట్ దొరికేలోపు నేను ఏం చేయాలి?" ఈ జవాబును చీటీ మీదే రాయించుకోండి. తర్వాత ఇది ఎంత పనికి వస్తుందో కిందనే తెలుస్తుంది.

నెల తప్పిందని తెలిసిన రోజు

ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండు గీతలు కనిపించగానే చాలామంది మొదటి స్కానింగ్ దాకా ఆగుతారు. పెద్దవాళ్లు మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పవద్దంటారు. చుట్టాలకు చెప్పకపోయినా నష్టం లేదు, డాక్టరుకు మాత్రం అదే రోజు ఫోన్ చేసి చెప్పాలి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ముందునుంచే లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్రలో ఉండే మందు ఇదే) వాడుతున్న స్త్రీ గర్భం అనుమానం కలగగానే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోవచ్చు. అంటే రోజుకొకటి చొప్పున వారానికి 7 వేసుకునేవారు 9 వేసుకోవాలి. గుర్తుండడం కోసం బుధవారం, ఆదివారం రెండేసి అని పెట్టుకుంటే సరిపోతుంది. ముందే రాయించుకున్న చీటీలో మీ డాక్టరు ఇదే చెప్పి ఉంటే ఆ రోజు నుంచే మొదలుపెట్టండి; వేరేలా చెప్పి ఉంటే వారు చెప్పినట్టే చేయండి. గుండె జబ్బు ఉన్నవారు, ఇంతకుముందు మోతాదు ఎక్కువై గుండెదడ వచ్చినవారు అడగకుండా పెంచుకోకూడదు. ఈ వెసులుబాటు ఇప్పటికే మాత్ర మీద ఉన్నవారికే తప్ప, కొత్తగా పరీక్ష చేయించుకోబోతున్నవారికి కాదు.

ఆ వారంలోనే టీఎస్‌హెచ్ పరీక్షకు రక్తం ఇవ్వాలి.

ఇంతవరకు థైరాయిడ్ సంగతే తెలియనివారి మాట వేరు. ముప్పై దాటినవారు, ఇంట్లో తల్లికో అక్కకో థైరాయిడ్ ఉన్నవారు, గర్భస్రావం గానీ నెలలు నిండని కానుపు గానీ అయినవారు, పిల్లల కోసం చికిత్స తీసుకున్నవారు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు, మెడ ముందు వాపు కనిపించినవారు మొదటి విజిట్‌లోనే టీఎస్‌హెచ్ రాయమని అడగాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో గర్భిణులలో థైరాయిడ్ లోపాన్ని పరీక్షించడంపై విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. నగరంలో చాలామంది డాక్టర్లు హిమోగ్లోబిన్, షుగరు, బ్లడ్ గ్రూపుతో పాటు దీన్నీ ఒకే రక్తంతో చేయించేస్తారు. ప్రభుత్వ వైద్యం మీద ఆధారపడినవారికి కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఘోషా ఆసుపత్రి అని అందరూ పిలిచే ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, కానీ అది ప్రధానంగా నాలుగో నెల నుంచి ఉన్నవారి కోసం ఏర్పాటు చేసినది. థైరాయిడ్‌కు అసలు విలువైన వారాలు అంతకుముందే గడిచిపోతాయి కనుక 9వ తేదీ కోసం ఎదురుచూడకుండా మీ పీహెచ్‌సీలోనో, అర్బన్ హెల్త్ సెంటర్‌లోనో ముందే పేరు నమోదు చేయించుకోండి.

రిపోర్టు చేతికి వచ్చాక

ల్యాబ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ పక్కన ముద్రించే హద్దులు సాధారణంగా గర్భం లేని పెద్దవారివి. అందువల్ల 3.8 అని వస్తే పక్కన ఎక్కువ అనే గుర్తు ఏమీ ఉండదు, ఇంట్లో వాళ్లు "నార్మలే కదా" అని కాగితం మడిచి పెట్టేస్తారు. మాత్ర వాడుతున్న గర్భిణికి లక్ష్యం 2.5 లోపు ఉండడం. ఆమె విషయంలో 3.8 అంటే మోతాదు చాలడం లేదని అర్థం. ముద్రించిన హద్దులను పక్కన పెట్టి, "నా నెలలకు ఈ అంకె సరైనదేనా" అని అడగండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీ యూనిట్లలో, కొన్ని మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లలో రాస్తాయి. రెండింటిలోనూ అంకె ఒకటే కాబట్టి కంగారు పడనవసరం లేదు.

కొత్తగా బయటపడినవారిలో డాక్టరు టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్న టీ4), టీపీఓ యాంటీబాడీలు (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత థైరాయిడ్ మీదే తయారు చేసే పదార్థాలు) చూస్తారు. టీఎస్‌హెచ్ 10 దాటితే గానీ, ఫ్రీ టీ4 తగ్గితే గానీ చికిత్స ఆలస్యం చేయకూడదు. అలా వదిలేస్తే గర్భస్రావం, నెలలు నిండకముందే కానుపు, రక్తపోటు పెరగడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి, బిడ్డ మెదడు ఎదుగుదల కూడా దెబ్బతినవచ్చు. 4కూ 10కీ మధ్య ఉన్నప్పుడు యాంటీబాడీలు ఉంటే మాత్ర ఇస్తారు, లేకపోతే డాక్టరు మిగతా పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. ఈ మధ్య అంకెతో ఉన్నవారే ఎక్కువగా భయపడుతుంటారు, వారికి ఒక మాట చెప్పాలి. స్వల్ప లోపం ఉన్న గర్భిణులకు మాత్ర ఇచ్చి, తర్వాత పిల్లల తెలివితేటలను కొలిచిన రెండు పెద్ద అధ్యయనాలు 2012లో, 2017లో వెలువడ్డాయి. రెండింటిలోనూ మాత్ర వాడినవారి పిల్లలకూ, వాడనివారి పిల్లలకూ మధ్య తేడా కనిపించలేదు. ఆ అధ్యయనాలలో చికిత్స మూడో నెల చివరనో, ఇంకా తర్వాతో మొదలైందన్న విమర్శ ఉంది కనుక డాక్టర్లు ఇప్పటికీ ముందు జాగ్రత్త వైపే మొగ్గుతారు. అయినా మూడో నెలలో అంకె 4.6 అని తెలిసిన తల్లి తన బిడ్డకు ఏదో అన్యాయం జరిగిపోయిందని రాత్రంతా కుమిలిపోవలసిన పని లేదు.

ఇంకో సంగతి: మొదటి మూడు నెలల్లో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోన్ థైరాయిడ్‌ను కొంత ఉద్దీపింపజేయడం వల్ల టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త కిందికి దిగుతుంది. అంకె తక్కువగా వచ్చిందని మాత్ర సొంతంగా ఆపేయకూడదు.

మాత్ర వేసుకునే వేళ

ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నేను వేసినదీ ఇక్కడే. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలలో ఐరన్, కాల్షియం మొదలుపెట్టారు. మరిచిపోతానేమోనని మూడు మాత్రలనూ ఒకే డబ్బాలో సర్దుకుని, పొద్దున్న టిఫిన్ తినగానే ఒకే గుక్కలో మింగి, మద్దిలపాలెంలో బస్సు ఎక్కేదాన్ని. అంతవరకు 2.1 దగ్గర ఉన్న టీఎస్‌హెచ్ నెల తిరిగేసరికి 5.6 అయింది. మోతాదు పెంచారు, అయినా దిగలేదు. మూడోసారి వెళ్లినప్పుడు రక్తం తీసే నర్సమ్మ "మాత్ర ఎన్నింటికి వేసుకుంటారమ్మా, దేనితో వేసుకుంటారు?" అని అడిగింది. అంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. లీవోథైరాక్సిన్‌ను ఐరన్, కాల్షియం రెండూ పేగులోనే పట్టేసుకుంటాయి, అది రక్తంలోకి చేరదు. వేళలు మార్చాక ఆరు వారాలలో అంకె దిగివచ్చింది, మోతాదు కొంత తగ్గించవలసి కూడా వచ్చింది.

కాబట్టి రోజు మొత్తాన్ని ఇలా అమర్చుకోండి. పొద్దున్న ఆరింటికి లేవగానే, ఇంకేమీ నోట్లో వేసుకోకముందు, థైరాయిడ్ మాత్రను నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. అరగంట నుంచి గంట వరకు నీళ్లు తప్ప మరేమీ తీసుకోకూడదు; గంట ఆగితే ఇంకా మంచిది. అరకు కాఫీ మన ఊరి గర్వకారణమే అయినా, కాఫీ ఈ మాత్రను ఒంటికి పట్టనివ్వదు కనుక ఫిల్టర్ వాసన వస్తున్నా ఏడింటి దాకా ఓర్చుకోవాలి. బిడ్డ ఎర్రగా పుడతాడని తెల్లవారుజామున కుంకుమపువ్వు వేసిన పాలు పట్టే అత్తగారు ఉన్నట్లయితే, ఆ పాలను రాత్రికి మార్చమని నెమ్మదిగా చెప్పండి. పాలలోనూ కాల్షియం ఉంటుంది. ప్రభుత్వ కార్యక్రమం కింద గర్భిణికి నాలుగో నెల నుంచి రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మాత్ర 180 రోజులపాటు, 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలు రోజుకు రెండు ఇస్తారు. ఇవి రెండూ థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల దూరంలో ఉండాలి, ఒకదానితో ఒకటి కూడా కలవకూడదు. మధ్యాహ్నం భోజనంతో ఒక కాల్షియం, సాయంత్రం నాలుగున్నరకు నిమ్మరసంతో ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం అని పెట్టుకుంటే దేనికీ దేనితో పేచీ రాదు. ఐరన్‌ను టీతో మాత్రం వేసుకోకండి.

ఏడో నెల నుంచి గుండెల్లో మంట మొదలై గ్యాస్ సిరప్ తాగడం మామూలు. అందులో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం కూడా ఇదే పని చేస్తాయి కనుక దానికీ నాలుగు గంటల నియమం వర్తిస్తుంది. గర్భిణులకని అమ్మే ప్రోటీన్ పొడుల డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే ఐరన్, కాల్షియం, సోయా మూడూ కనిపిస్తాయి. వాటినీ పొద్దున్న పూట వద్దు.

వరలక్ష్మీ వ్రతం నాడు, కార్తీక సోమవారాలలో ఉపవాసం ఉండేవారు ఆ రోజు మాత్ర మానేస్తుంటారు. నీళ్లతో మింగిన మందు ఉపవాసానికి భంగమని ఏ పురోహితుడూ అనగా నేను వినలేదు. కడుపుతో ఉన్నప్పుడు అసలు కటిక ఉపవాసాలే వద్దని డాక్టర్లు అంటారు, అది వేరే సంగతి.

ఒక పూట మరిచిపోతే గుర్తుకు వచ్చినప్పుడు, తిని మూడు గంటలు దాటాక వేసుకోండి. రోజంతా గడిచిపోతే మర్నాటి మాత్ర మామూలుగా వేసుకుని, వదిలేసినదాన్ని ఎలా భర్తీ చేయాలో డాక్టరును అడగండి. ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికి వారం దాకా పడుతుంది కాబట్టి ఒక్కరోజుకు ప్రమాదమేమీ రాదు. వారానికి రెండు మూడు రోజులు పోతుంటే మాత్రం అది మతిమరుపు కాదు, వేళ సరిగ్గా కుదరలేదని అర్థం.

వేవిళ్లు పట్టినప్పుడు

పరగడుపున నీళ్లు దిగితేనే వాంతి అయ్యేవారికి పై వరుస అంతా కాగితం మీది మాటలాగే ఉంటుంది. అటువంటివారు మాత్రను రాత్రికి మార్చుకోవచ్చు. రాత్రి భోజనం ఏడున్నరకు ముగించి, పదిన్నర పదకొండుకు, అంటే కనీసం మూడు గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకుంటే పొద్దున్న వేసుకున్నట్టే పని చేస్తుంది. అప్పుడు రాత్రి కాల్షియాన్ని సాయంత్రానికి, ఐరన్‌ను మధ్యాహ్నానికి, మరో కాల్షియాన్ని పొద్దున్న టిఫిన్‌కు జరపాలి. మాత్ర మింగిన అరగంటలోపే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా అన్నది డాక్టరును అడిగి తెలుసుకోండి. రెండు మూడు రోజులు ఏదీ కడుపులో నిలవకపోతే థైరాయిడ్ సంగతి అలా ఉంచి, నీళ్లు ఇంకిపోకుండా ఆసుపత్రికి వెళ్లడం ముందు పని.

పరీక్షల లెక్క

మొదటి పరీక్ష నుంచి 20వ వారం దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. తర్వాత 30వ వారం ప్రాంతంలో కనీసం ఒక్కసారి. మధ్యలో మోతాదు మారితే, మారిన నాలుగు వారాలకు మళ్లీ. వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి, లేకపోతే రెండు వారాల తేడా వచ్చేస్తుంది.

రక్తం ఇచ్చే రోజున మాత్రను రక్తం తీసిన తర్వాతే వేసుకోండి. ముందే వేసుకుంటే ఫ్రీ టీ4 కొన్ని గంటలపాటు ఎక్కువగా కనబడి లెక్క తప్పుతుంది. జుట్టు రాలకుండా బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నవారు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, అది కొన్ని యంత్రాల ఫలితాలనే మార్చేస్తుంది. వీలైనంత వరకు ఒకే ల్యాబుకు వెళ్లండి. ఒకసారి సీతమ్మధారలో, ఇంకోసారి ఆఫీసు దగ్గర, మరోసారి ఇంటికి వచ్చి రక్తం తీసుకునేవారికి ఇస్తే, అంకెలో వచ్చిన తేడా మీ ఒంటిదో యంత్రానిదో తేల్చడం కష్టమవుతుంది.

రిపోర్టులు ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోకుండా, చిన్న నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకోండి: తేదీ, వారం, టీఎస్‌హెచ్, మోతాదు. నా రెండో పురుటి పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: "14 వారాలు, 1.9, 75 మైక్రోగ్రాములు, అలాగే కొనసాగించాలి." ఎనిమిది వరుసలున్న ఆ ఒక్క పేజీ చూపిస్తే, కొత్త డాక్టరుకు ఐదు నిమిషాల కథ చెప్పనవసరం లేకుండా పోయింది.

మందు కొనడం, దాచడం

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ వంటి పేర్లతో దొరికేది లీవోథైరాక్సినే. పేరు ఏదైనా పరవాలేదు గానీ, కడుపుతో ఉన్నన్నాళ్లూ ఒకే కంపెనీది వాడడం మేలు. మార్చవలసి వస్తే నాలుగు వారాలకు పరీక్ష చేయించుకోవాలి. ఈ మాత్ర 12.5 నుంచి 150 మైక్రోగ్రాముల దాకా, మధ్యలో 62.5, 88, 112 వంటి అంకెలతో కూడా దొరుకుతుంది. డబ్బాలు అన్నీ ఒకేలా ఉంటాయి, కౌంటరు దగ్గర రద్దీ ఉంటే 75 బదులు 25 చేతికి రావడం పెద్ద వింత కాదు. డబ్బు ఇచ్చే ముందు అంకెను పైకి చదవండి.

మన ఊరి ఉక్క ఈ మాత్రకు శత్రువు. వేడి, వెలుతురు, తేమ మూడూ దాని బలాన్ని తగ్గిస్తాయి. వంటింట్లో స్టవ్ పక్క అలమర, బాత్రూం అద్దం వెనుక అర, బాల్కనీ వైపు కిటికీ గట్టు పనికిరావు. పడకగదిలో చీకటిగా ఉండే అరలో, అది వచ్చిన సీసాలోనే, లోపలి తేమపీల్చే చిన్న పొట్లాన్ని పారేయకుండా ఉంచాలి. వారానికి సరిపడా మాత్రమే డబ్బాలోకి తీసుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో కనీసం రెండు వారాల మందు ఇంట్లో నిలవ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు, ఫోన్లు, దుకాణాలు రోజుల తరబడి లేని సంగతి ఈ ఊళ్లో ఉన్నవారికి మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఉప్పు, చేప, క్యాబేజీ

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇంటికి చేరే అయోడిన్ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. ఆరోగ్యానికి మంచిదని సైంధవ లవణానికో, గులాబీ రంగు ఉప్పుకో మారినవారు, పచ్చళ్ల కోసం తెచ్చిన గళ్ల ఉప్పునే కూరల్లోనూ వాడేవారు ఈ తొమ్మిది నెలలూ ప్యాకెట్ మీద అయోడిన్ గుర్తు ఉన్న ఉప్పుకు రావాలి. విశాఖలో వానాకాలం ఉప్పు జాడీలో నీరు ఊరడం అందరికీ అనుభవమే. అలా చెమ్మగిల్లిన ఉప్పులో అయోడిన్ తగ్గిపోతుంది. చిన్న ప్యాకెట్లు కొనండి, గట్టి మూత ఉన్న గాజు సీసాలో పోయండి, స్టవ్ ఆపే ముందు వంటలో వేయండి. రక్తపోటు ఉన్నవారు అయోడిన్ కోసమని ఉప్పు పెంచకూడదు. సముద్రపు నాచుతో చేసిన మాత్రలు అసలు వద్దు, అయోడిన్ మితిమీరినా థైరాయిడ్ దెబ్బతింటుంది. ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి: ఉప్పు గానీ, చేప గానీ, ఏ కషాయం గానీ మీ మాత్రకు బదులు కావు.

ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో చేపలకు కరువు లేదు. చందువ, కానాగంతలు, రొయ్యలు బాగా ఉడికించి వారానికి రెండుసార్లు తినవచ్చు. సొర మాత్రం పక్కన పెట్టండి. బాలింతకు పాలు పడతాయని సొర పిట్టు పెట్టడం మన తీరంలో పాత ఆచారం, రుచి కూడా తక్కువేమీ కాదు. అయితే పెద్ద వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది కనుక కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ సొరను మానమనే వైద్యులు చెబుతారు. క్యాబేజీ, కాలీఫ్లవర్ గురించి అనవసరంగా భయపెడుతుంటారు. ఉడికించి మామూలుగా తినే మోతాదులో వాటితో ఏమీ కాదు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

సీమంతం అయ్యాక పురుటికి విజయనగరమో, శ్రీకాకుళమో పుట్టింటికి వెళ్లే అమ్మాయి సంచిలో చీరలు, గాజులు అన్నీ ఉంటాయి. థైరాయిడ్ సీసా ఒక్కటీ మరిచిపోతుంది. నోటుబుక్కు, రిపోర్టులు, నెలన్నరకు సరిపడా మందు చేతి సంచిలో పెట్టుకోండి. 30వ వారం పరీక్ష సరిగ్గా ఈ ప్రయాణాల హడావుడిలోనే పడుతుంది కనుక, వీలైతే బయలుదేరే ముందే చేయించేసుకోండి. అక్కడ పురుడు పోసే డాక్టరుకు మొదటి విజిట్‌లోనే మాత్ర సంగతీ, గర్భానికి ముందు వేసుకున్న పాత మోతాదూ రెండూ చెప్పాలి. ఆ పాత అంకె కానుపు అయిన మర్నాడే అవసరమవుతుంది.

కానుపు తర్వాత

బిడ్డ పుట్టాక అదనపు అవసరం తీరిపోతుంది. కాబట్టి సాధారణంగా మర్నాటి నుంచే గర్భానికి ముందున్న మోతాదుకు తిరిగి వస్తారు. పెరిగిన మోతాదునే నెలల తరబడి వేసుకుంటే గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, వాటిని బాలింత నీరసం ఖాతాలో వేసేస్తారు. గర్భంలోనే కొత్తగా చిన్న మోతాదు మొదలుపెట్టినవారికి కొందరికి మాత్ర ఆపేయవచ్చు కూడా, అది డాక్టరు చెప్పాలి. ఏది చేసినా కానుపు అయిన ఆరు వారాలకు టీఎస్‌హెచ్ తప్పనిసరి. బిడ్డకు ఆరు వారాల టీకాల కోసం ఆసుపత్రికి వెళ్లేది అప్పుడే కనుక, అదే రోజు మీ రక్తం కూడా ఇచ్చేయండి.

టీపీఓ యాంటీబాడీలు ఉన్నవారికి మొదటి ఏడాదిలో థైరాయిడ్ వాపు వచ్చి, ముందు కొంతకాలం హార్మోన్ ఎక్కువై, తర్వాత తగ్గే అవకాశం ఉంది. మనసు దిగులుగా ఉండడం, ఉన్నట్టుండి చిరాకు, గుండెదడ కనిపిస్తే పరీక్ష చేయించుకోండి.

పాలివ్వడానికి ఈ మాత్ర అడ్డు కాదు. బాలింత ఎక్కువ నీళ్లు తాగకూడదని కొన్ని ఇళ్లలో గుక్కెడు నీళ్లతోనే సరిపెడతారు. మాత్ర సరిగ్గా లోపలికి వెళ్లడానికీ, పాలకూ నీళ్లు కావాలి కనుక అమ్మకు ఆ మాట ముందే చెప్పి ఉంచండి. ఐరన్, కాల్షియం ఇంకా కొన్ని నెలలు సాగుతాయి కాబట్టి నాలుగు గంటల దూరం ఇప్పుడూ పాటించాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందు బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా అని అడగండి. పుట్టిన 48 గంటలు దాటాక మడమ నుంచి రెండు మూడు చుక్కల రక్తం తీసి చేసే పరీక్ష ఇది. తల్లికి థైరాయిడ్ తక్కువైనంత మాత్రాన బిడ్డకూ ఉంటుందని కాదు, ఉండే అవకాశం చాలా తక్కువ. అయినా పుట్టుకతో లోపం ఉన్న బిడ్డకు మొదటి రెండు వారాలలోనే మందు మొదలుపెడితే ఎదుగుదల మామూలుగా సాగుతుంది, ఆలస్యమైతే పోయినది తిరిగి రాదు. అడగకపోతే చేయని చోట్లు ఉన్నాయి. రెండో రోజే డిశ్చార్జి చేస్తామంటే ఈ పరీక్షకు మళ్లీ ఏ తేదీన రావాలో, రిపోర్టు ఎవరిని అడగాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని బయలుదేరండి.